పొద్దుగూకే వేళ తోడు

ఒక్కో జబ్బుకు ఒక్కో వేళ ఉంటుంది. చలిజ్వరం మధ్యాహ్నం ముసురుకుంటుంది. ఉబ్బసం తెల్లవారుజామున లేపి కూర్చోబెడుతుంది. నా జబ్బు పొద్దుగూకేటప్పుడు వచ్చేది. నల్లగొండ గుట్టల మీద ఎండ ఎర్రబారి, తాటివనాల్లో లొట్లు, అంటే కల్లు కుండలు, చెట్ల మీదినుంచి దిగే ఆ కాసేపు నా కాళ్లు నా మాట వినేవి కావు.

వార్తలు రాసి బతికినవాణ్ణి. వాన రాకపోయినా, కలరా గత్తర వచ్చినా, తహసీల్దారు మారినా హైదరాబాదులోని పత్రికకు రాసి పంపేవాణ్ణి. అందుకే ఊరంతా నన్ను అఖ్బార్ లింగయ్య అంటారు. అందరి సంగతులూ రాశాను కానీ నా సంగతి రాయాలని ఎప్పుడూ అనిపించలేదు. ఈ మధ్య నా స్నేహితుడు, టాంగా తోలే ఇమాం భాయి పట్టుబట్టాడు. "అందరి కథ రాస్తవు, మన కథ రాయవా? సదివినోడు ఒక్కడన్న మన లెక్క బయటవడితే నీ సొమ్మేం బోయింది?" అన్నాడు. అతనికి ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు. ఎందుకు లేదో ముందు ముందు తెలుస్తుంది.

వైశాఖం

యుద్ధం నడుస్తున్న రోజులు. దీపానికి కిరోసిన్ చాలినంత దొరికేది కాదు, పత్రికకు కాగితం దొరికేది కాదు. కల్లూ సారా మాత్రం దొరికేవి. ఒక సాయంత్రం ఇంటి ముందర రక్తం కక్కుకుని పడిపోయాను. నా భార్య రాజమ్మ ఇరుగుపొరుగును కేకేసి, ఎడ్లబండిలో వేయించి, సర్కారు దవాఖానకు తీసుకుపోయింది.

మరునాడు పొద్దున దవాఖాన వరండాలో నా వంతు కోసం కూర్చున్నాం. కాలికి కట్టు కట్టుకున్న ముసలాయన, జ్వరం పిల్లను ఒళ్లో వేసుకున్న తల్లి, పాము కరిచి బతికినవాడు. వరండాల్లో మనుషులు త్వరగా చుట్టాలవుతారు. ఒకరి జబ్బు ఒకరు అడుగుతూ ఉన్నారు. పిల్లతల్లి మా వైపు తిరిగింది.

"నీ పెనిమిటికి ఏమైందక్కా?"

రాజమ్మ కొంగు సర్దుకుని, "కడుపునొప్పి" అంది.

అక్కడ ప్రతి జబ్బుకూ పేరుంది. నాదొక్కటే పేరు చెప్పుకోలేని జబ్బు. కాంపౌండరు అటుగా వచ్చి, పొద్దటినుంచి నిలబడే ఉన్న రాజమ్మను చూసి, లోపలినుంచి తన స్టూలు తెచ్చి వేశాడు. "కూసో చెల్లె. నిలవడితే నంబర్ జల్ది రాదు" అన్నాడు. ఆ రోజంతా ఆయన నిలబడే మందులు కలిపాడు.

డాక్టరు సాబ్ నా పక్కటెముకల కింద వేళ్లతో నొక్కి చూశాడు. నేను అరిచాను. "కలేజా, అదే లివరు, ఖరాబైంది. ఇంకోసారి తాగితే నీ సంగతి నాతోని గాదు. సమఝైందా?" అన్నాడు.

"అయింది సాబ్" అంది రాజమ్మ. ఆయన అడిగింది నన్ను.

ఇంటికి వచ్చాక ఆమె ఏడవలేదు, తిట్టలేదు. లాంతరు గ్లాసు తుడుస్తూ చెప్పింది. "ఏమయ్యా, నిన్నిడిసి ఎటూ పోను. గని పొద్దుగూకంగనే గడపల నిలవడుడు ఇగ నాతోని గాదు. పెండ్లైనకాన్నుంచి గడప కావలే అయింది నా బతుకు."

నిజమే. నేను సందు మలుపు తిరిగేసరికి ఆమె రోజూ గడపలో నిలబడి ఉండేది. నా ముఖం చూసేది కాదు. నా నడక చూసేది. ఎంత తాగానో అంత దూరం నుంచే ఆమెకు తెలిసిపోయేది.

జ్యేష్ఠం

నన్ను ఇంట్లో పెట్టి బయట గొళ్లెం వేయమన్నాను. అది నా ఆలోచనే.

"గొర్లను దొడ్లె తోలినట్టా?" అంది రాజమ్మ. మాది గొర్రెలు కాసే ఇల్లు. చదువుకుని నల్లగొండ పట్నం చేరింది నేనొక్కణ్ణే.

"అట్లనే" అన్నాను.

కొన్నాళ్లు బాగానే గడిచింది. ఒక సాయంత్రం మాత్రం చెమటలు పట్టి, గోడలు దగ్గరికి వస్తున్నట్టనిపించి, పెరటి గోడ ఎక్కి అవతలికి దూకాను. అవతల పక్కింటివాళ్ల పెంటకుప్ప ఉన్న సంగతి మరిచిపోయాను. మోకాళ్లదాకా దిగబడ్డాను. పక్కింటామె చేటలో బియ్యం చెరుగుతూ చూసింది. "పెద్దసార్లు గిట్ల గూడ వస్తరా మా ఇంటికి?" అంది. రాజమ్మ గొళ్లెం తీసి వచ్చి, నన్ను ఆ స్థితిలో చూసి, దవాఖాన నుంచి వచ్చాక మొదటిసారి నవ్వింది. ఆ నవ్వుకు సిగ్గుపడి ఆ రోజు తాగలేదు. అదొక్క రోజు.

తర్వాత కట్టంగూరు నుంచి అమ్మ వచ్చింది, కొడుకు చిక్కిపోయాడని విని. వస్తూ వస్తూ ఒక చిన్న కుండ మూతికి గుడ్డ కట్టి తెచ్చింది. తెల్లవారగానే దింపిన తాటికల్లు. తాగడానికి తాటాకు మడిచిన రేక కూడా తెచ్చింది.

"గిది తాగుడు గాదు కొడుకా, సలువ. దవాఖాన మందులు ఏడి జేస్తయ్. పరగడుపున రెండు రేకలు తాగు, పానం కుదురుకుంటది."

మా వైపు పచ్చి బాలింతకు కల్లు పోస్తారు. పాలు తాగే పిల్లలకు కూడా వేలు ముంచి నాకిస్తారు. కల్లు ఎక్కువై జబ్బు పడ్డ కొడుక్కి కల్లే మందుగా తేవడంలో అమ్మకు తప్పేమీ కనబడలేదు. అది మోసుకుని అంత దూరం నుంచి వచ్చింది పాపం. రాజమ్మ కుండ వైపు చెయ్యి చాపి వెనక్కి తీసుకుంది. అత్త చేతిలోని కుండను కోడలు ఎట్లా లాక్కుంటుంది? నేను తాగాను. పొద్దుటి రెండు రేకలు సాయంత్రానికి కల్లు దుకాణం దాకా నడిపించాయి.

ఆషాఢం, శ్రావణం

ఒంటరిగా కాదని అర్థమైంది. నలుగురిలో పడితే కుదురుతుందేమోనని వెతకడం మొదలుపెట్టాను. ఈ భాగం కొంచెం వివరంగా చెప్తాను. ఇది చదివే వాళ్లలో ఎవరికో ఇదే పని పడుతుంది.

ముందు పెద్దమనుషుల సభకు పోయాను. మద్యం మాన్పించడానికి పట్నంలో కొందరు వకీళ్లూ షావుకార్లూ పెట్టుకున్న సభ. వాళ్లలో ఒక్కరూ జన్మలో రేక పట్టినవాళ్లు కారు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఒక వకీలు సాబ్ లేచి, తాగుబోతు ఇల్లు ఎట్లా కూలుతుందో చాలా బాగా మాట్లాడాడు. మాట్లాడుతున్నంతసేపు నా వైపే చెయ్యి చూపించాడు. అందరూ మెడలు తిప్పి నన్ను చూశారు. సభ బాగా జరిగిందని పత్రికకు రాసింది నేనే. రాసి, కవరు అంటించి, నేరుగా దుకాణానికి పోయాను.

తర్వాత భజన మేళం. వాళ్లు మంచివాళ్లు, పాటకు కూర్చోబెట్టుకున్నారు. కానీ మొదటిరోజే దేవుడి పటం ముందు ఒట్టు వేయించారు. మా దగ్గర ఒట్టు తప్పితే ఇంటిల్లిపాదికీ చేటని నమ్మకం. ఒట్టు తప్పినవాడు మళ్లీ ఆ గుమ్మం ఎక్కడు. నేనూ ఎక్కలేదు. తప్పిన మరునాడు భయానికి ఇంకా ఎక్కువ తాగాను.

మూడోది ప్రార్థన మందిరం. అక్కడ గంట కొట్టే ఏసోబు తాత నా గోడు చాలాసేపు విన్నాడు. చివరికి తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని అన్నాడు.

"బిడ్డా, మా కాడ పాటలున్నయ్, ప్రార్థనున్నది. నువ్వు రోజూ రా, వద్దన. గని తాగి ఇడిసినోడు మా కాడ లేడు. నీకు గసొంటోడు గావాలె. పానగల్లు తొవ్వల తాటివనం ఉంటది సూడు, ఆడ ఎంకయ్య గౌడున్నడు. పొద్దుగూకేటప్పుడు పో."

"కల్లు గీసే వెంకయ్యనా?"

"ఆయినే."

నాకు నవ్వొచ్చింది. "కల్లు మానేటందుకు కల్లుచెట్ల కిందికి పోవాల్నా తాతా?"

"నచ్చకపోతే ఆడనే తాగిరా. ఎట్లైనా తాగేటోనివే గద" అన్నాడు తాత, తలపాగా మళ్లీ చుట్టుకుంటూ.

మరునాడే పోయాను. నిజం చెప్పాలంటే తాత చెప్పిన రెండో మాటే నన్ను నడిపించింది. వనంలో పులిసిన వాసన. ఒక చెట్టు మొదట్లో లొట్లు వరసగా ఉన్నాయి. పైన, నడుముకు చుట్టిన మోకు తాడుకు ఆనుకుని ఒక మనిషి గెలను చెక్కుతున్నాడు.

"ఎవలది? దుకాణం ఆ పక్కకుంది" అని అరిచాడు.

"తాగేతందుకు రాలే. ఏసోబు తాత తోలిండు."

చెక్కుడు ఆగింది. "అయితే మీదికెందుకు సూస్తున్నవ్? మెడ గుంజుతది. కూసో."

కాసేపటికి టాంగా చప్పుడైంది. ఇమాం భాయి గుర్రాన్ని కట్టేసి వచ్చాడు. అతని వెనక మరో ఇద్దరు, ఒకరు సాలె ఆయన, ఒకరు రాళ్లు కొట్టే ఆయన. దుకాణంలో కూర్చున్నట్టే బాసింపట్లు వేసుకుని వరసగా కూర్చున్నారు. తాటాకు రేకలు మడుచుకున్నారు. వెంకయ్య దిగివచ్చి, దింపిన లొట్లను దుకాణం మనిషికి అప్పగించి, చెట్టు చాటునుంచి వేరే కుండ తెచ్చాడు. జొన్న అంబలి. దుకాణంలో పోసినట్టే పైనుంచి సన్నటి ధారగా ప్రతి రేకలో పోశాడు. అదే వేళ, అదే ఆకు, అవే చెట్లు, పక్కన భుజానికి భుజం. మారింది కుండలోనిదే.

నా చేతులు వణికి అంబలి అంతా బట్టల మీద ఒలికింది. ఎవరూ చూడనట్టే ఉన్నారు. ఇమాం భాయి తన పక్కనున్న ఆకు తీసి, నా రేక మీద ఇంకొకటి కలిపి మందంగా మడిచి ఇచ్చాడు.

"కొత్తల అందరికి రెండాకులే" అన్నాడు.

ఒట్టు వేయమని ఎవరూ అడగలేదు. ఎన్నేండ్లనుంచి తాగుతున్నావని అడగలేదు. గుర్రం గురించి, వాన గురించి మాట్లాడుకున్నారు. లేచేటప్పుడు వెంకయ్య అన్నాడు. "అఖ్బార్ సాబ్, మా కాడ ఒకటే కట్టుబాటు. పొద్దుగూకే ముంగట ఒగలు పోయి ఇంకొగల్ని తోల్కరావాలె. రేపు నువ్వు టాంగాల అడ్డ కాడికి పోయి ఇమాం భాయిని తోల్కరా."

"నేనా? నన్నే ఒగలు పట్కరావాలె!"

"గందుకే. నువ్వు పోకపోతే ఆయిన దుకాణానికి పోతడు. ఇగ నీ ఇష్టం."

ఇమాం భాయి నిట్టూర్చాడు. "నా జాన్ తీస్కపోయి నీ చేతుల వెట్టిండు. జర జల్ది రా భాయ్."

మరునాడు పొద్దు వాలుతుంటే ఒళ్లంతా లాగింది. కానీ టాంగా అడ్డా దగ్గర ఒక మనిషి నాకోసం కళ్లలో ఒత్తులు వేసుకుని ఉన్నాడన్న ఆలోచన లోపల ముల్లులా గుచ్చింది. చెప్పులు వేసుకున్నాను. దారిలో దుకాణం ఉంది. పాత దోస్తులు అరిచారు.

"ఏం లింగయ్యా, ఖబర్ల కోసమా? ఖబరంతా ఈడనే ఉన్నది, రా!"

"మనిషి ఎదురుసూస్తుండు, వస్త" అన్నాను. నా నోట ఆ మాట రావడం నాకే కొత్త. ఇన్నాళ్లూ నాకోసమే ఎవరో ఒకరు ఎదురుచూస్తూ వచ్చారు.

ఇమాం భాయి గుర్రం జూలు నిమురుతూ నిలబడి ఉన్నాడు. "వచ్చినవా? జర ఆలస్యమైతే పోయేటోన్నే" అన్నాడు. అతను మానేసి చాలా ఏండ్లయిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కోపం తెచ్చుకుని అడిగితే, "నువ్వు రాకుంటె తాగుదునేమో, ఎవలకెరుక? నువ్వు వచ్చినవు గాబట్టి తెల్వలే" అన్నాడు. ఇలాంటి మనిషికి ఎదురెట్లా చెప్తాం?

కార్తీకం

అంతా సాఫీగా సాగిందని రాస్తే అబద్ధం. ఈత కల్లు దిగే చలికాలంలో ఒక సాయంత్రం అడ్డాకు పోలేదు. ఎక్కడికి పోయానో చెప్పనక్కర్లేదు. మరునాడు టాంగా మా ఇంటి ముందర ఆగింది. ఇమాం భాయి దిగకుండానే అన్నాడు. "నిన్న రాలే నువ్వు. నీ రేక నేనే మడిసి పక్కన వెట్టిన. ఎండింది. ఇయ్యాల కొత్తది మడుస్త. వస్తవా?"

ఎక్కాను. వనంలో జరిగి జాగా ఇచ్చారు. నా రేకకు మళ్లీ రెండాకులు కలిపారు. ఆ తర్వాత మూడోసారి రెండాకుల అవసరం రాలేదు.

రాజమ్మ మాత్రం ఇంకా గడపలోనే ఉండేది. నేను సందు మలుపు తిరగగానే లాంతరు కొంచెం పైకెత్తి నా కాళ్ల వైపు చూసేది. నమ్మకం కాళ్లు కుదిరినంత తొందరగా కుదరదు. అడిగే హక్కు నాకు లేదు, అడగలేదు.

మాఘం

కట్టంగూరులో మా తండ్రి, బాపు, చనిపోయాడు. మందతో తిరిగి వచ్చి, గొంగడి పరుచుకుని పడుకున్నవాడు లేవలేదు. బాపుకు కల్లంటే ప్రాణం, కానీ ఒక్కనాడూ తూలి పడలేదు. ఆ అదృష్టం నాకు రాలేదు.

మూడో రోజు పిట్టకు పెట్టాలి, అంటే కాకులకు కూడు. బాపును పూడ్చినచోట ఆయన ఇష్టంగా తిన్నవి ఆకులో పెట్టి, కల్లును సాకగా మట్టి మీద ధార పోసి, మొదటి రేక పెద్దకొడుకు తాగాలి. తాగితేనే పోయినవాడి దూప, అంటే దాహం, తీరుతుందని మా ఇండ్లలో నమ్మిక. తర్వాతనే మిగతావాళ్లు ముట్టుకుంటారు. రాత్రంతా ఏడ్చిన రాజమ్మ పొద్దున నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది. "ఏం జేస్తవ్?" నాకు తెలియదని చెప్పాను. ఒక్క రేక గొంతు దిగితే ఇన్ని నెలలూ దానితోపాటే దిగిపోతాయని ఇద్దరికీ తెలుసు. తాగకపోతే తండ్రిని దూపతో పంపిన కొడుకునవుతాను.

అందరూ వరసగా కూర్చున్నారు. మా పెద్దబాపు, అంటే బాపుకు అన్న, కుండ ముందర పెట్టుకున్నాడు. సాక పోశాను. చేయి వణకలేదు. పెద్దబాపు రేక నిండా పోసి నా వైపు చాపాడు.

"పట్టు లింగా."

"నేను తాగ పెద్దబాపూ."

వరసంతా నా వైపు తిరిగింది. "పట్నపోడు మల్ల మొదలువెట్టిండు" అన్నారెవరో వెనకనుంచి. పెద్దబాపు ముఖం ఎర్రబడింది. "తాగి తాగి రక్తం గక్కినప్పుడు యాదికి రాలేదా నీతి? తండ్రికి దూప దీర్చేటప్పుడే యాదికొచ్చిందా? నా తమ్ముడు ఎండిన గొంతుతోని పోవాల్నా?"

రేక నా ముఖం ముందరే ఉంది. ఆ వాసన నాకు బాపు వాసన కూడా. చిన్నప్పుడు ఆయన గొంగట్లో దూరి పడుకుంటే వచ్చిన వాసన. నా చేయి లేచింది. ఎంతవరకు లేచేదో ఇప్పటికీ చెప్పలేను.

అప్పుడు సడక్ వైపునుంచి గజ్జెల చప్పుడు వినబడింది. నల్లగొండ నుంచి టాంగా. ఇమాం భాయి, వెంకయ్య, మిగతా ఇద్దరూ దిగారు. బాపు పోయిన కబురు తెలిసి, పొద్దున కల్లు దించగానే బయల్దేరారట. వెంకయ్య ఎవరినీ పలకరించకుండా వచ్చి, బాపు సమాధికి దండం పెట్టి, వరస చివర కూర్చున్నాడు. వాళ్ల దగ్గర వాళ్ల కుండ ఉంది.

"ఎవలు వీళ్లు?" అన్నాడు పెద్దబాపు.

"నన్ను తోల్కపోయేటోళ్లు" అన్నాను.

వెంకయ్య నడుముకున్న కత్తినీ, మోకు రాసుకుని కాయలు కాసిన అరచేతులనూ పెద్దబాపు చూశాడు. "గౌడువే గద నువ్వు. నీ కుండల ఏమున్నది?"

"అంబలి. నేను కల్లు గీస్త, తాగ. తాగిననాడు నా ఇద్దరు పిల్లలు ఆకలికి పోయిన్రు" అన్నాడు వెంకయ్య. ఆ మాట మాకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఆడవాళ్ల గుంపులోంచి అమ్మ లేచి వచ్చింది. పెద్దబాపు చేతిలోని రేకను ఆమె తీసుకుంది. బావగారి చేతిలోంచి ఒక వస్తువును నేరుగా తీసుకోవడం ఆమె జన్మలో అదే మొదటిసారి. ఆ కల్లును మట్టి మీద మెల్లగా, ఒక్క చుక్క పక్కకు పోకుండా పోసింది.

"నీ దూప నేను దీరుస్తున్న. కడుపునిండ తాగు" అంది బాపుతో. తర్వాత ఖాళీ రేకను వెంకయ్య వైపు చాపింది. "నా కొడుక్కి గీండ్ల అంబలి పొయ్యి నాయినా. ఎండకాలం నేనే నా చేతులార పోసిన ఇసం. తెల్వక పోసిన."

వెంకయ్య ధార కట్టాడు. అమ్మే రేకను నా నోటికి అందించింది. తాగాను. పెద్దబాపు కల్లు కుండను వరస వైపు జరిపి, "సరె, పెద్దకొడుకు మొదటి రేక తాగిండు. ఇగ తాగుండ్రి" అన్నాడు.

వరస కదిలింది. ఆ రోజు మా ఊళ్లో అంబలి అడిగి తాగినవాళ్లు కూడా ఉన్నారు.

చైత్రం

ఇప్పుడు నేను వనానికి ఒక కొత్త మనిషిని తీసుకుపోతున్నాను. పేరు రాయను. కచేరీలో పెద్ద నౌకరీ. అతని రేకకు రెండాకులు మడిచేది నేనే. వకీళ్ల సభలకూ, భజనలకూ పోవద్దని నేననను. అక్కడ కుదిరినవాళ్లూ ఉంటారు. నాకు కుదిరింది చెప్పాను. మిమ్మల్ని వేలెత్తి చూపని నలుగురు దొరికితే, వాళ్లలో ఒక్కడికైనా మీరు అవసరమైతే, అక్కడ కూర్చోండి. అది తాటిచెట్ల కిందైనా సరే.

మొన్న ఆ కొత్తాయన మొండికేశాడు. బతిమాలి, నవ్వించి, వనానికి తీసుకుపోయి, తిరిగి ఇంటి దగ్గర దింపేసరికి చీకటి పడింది. ఎప్పటికన్నా ఆలస్యం. రాజమ్మ గడపలో ఎంత సేపటినుంచి నిలబడిందో అనుకుంటూ సందు మలుపు తిరిగాను.

గడపలో ఎవరూ లేరు. తలుపు దగ్గరగా వేసి ఉంది. రెండంగల్లో గుమ్మం చేరాను. లోపలినుంచి నవ్వులు వినబడ్డాయి. తలుపు సందులోంచి చూస్తే, పక్కింటామెతో రాజమ్మ పచ్చీసు ఆడుతోంది. లాంతరు మధ్యలో పెట్టుకున్నారు.

"ఎవలది?" అంది ఆట మీదినుంచి చూపు తిప్పకుండానే.

"నేనే."

"తలుపు నూకు, గడియ వెయ్యలే." గవ్వలు విసిరి, కాయ జరిపి, అప్పుడు తలెత్తింది. నా వెనక ఉన్న చీకటిని చూసి ఆశ్చర్యపోయింది.

"అరె, పొద్దు గూకిందా? సూడనే లేదు."